మనోనిబ్బరం పెంచుకోవడం ఎలా?

గుండె గట్టిగా ఉన్నవాళ్లకి భయం వేయదు, ఏడుపు రాదు అని చాలామంది అనుకుంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. పైకి గంభీరంగా కనిపిస్తూ లోలోపల కుమిలిపోతుంటే అదే ధైర్యమనుకున్నాను. భయం అందరికీ వేస్తుంది. భయం వేశాక కూడా చేయాల్సిన పనికి చెయ్యి కదులుతోందా లేదా అన్నదే చూసుకోవాలి. ఆ కదలడం నేర్చుకుంటే వస్తుంది.

అది ఎలా వస్తుందో చెప్పడానికి ఒక ప్రయోగం గుర్తుచేస్తాను. 1967లో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కుక్కలకి తప్పించుకోలేని కరెంటు షాకులు ఇచ్చి చూశారు. ఆ తర్వాత తప్పించుకునే దారి తెరిచినా వాటిలో చాలా కుక్కలు కదలకుండా పడి ఉన్నాయి. నిస్సహాయతను అవి నేర్చుకున్నాయని అప్పట్లో వివరించారు. దాదాపు యాభై ఏళ్లకి, 2016లో, మెదడు మీద జరిగిన పరిశోధనలు చూసి ఆ ఇద్దరే తమ మాట మార్చుకున్నారు. ఎడతెగని కష్టం ఎదురైతే చతికిలబడిపోవడం మెదడు సహజంగా చేసే పనేనట. నేర్చుకోవాల్సింది ‘ఇందులో నా చేతిలో కూడా కొంత ఉంది’ అన్న సంగతి. కింద చెప్పే పనులన్నీ ఆ సంగతిని మెదడుకి మళ్లీమళ్లీ చూపించడానికే.

1. దెబ్బ తగిలిన రోజే కాగితం తీయండి

ముందు జరిగింది జరిగినట్టు ఒక్క వాక్యంలో రాయండి. ‘నా పరువు పోయింది’ అని రాయకండి. ‘నేనిచ్చిన రిపోర్టులో మూడు తప్పులున్నాయని పై అధికారి అందరి ముందూ అన్నారు’ అని రాయండి. మొదటిది మనసు అల్లిన కథ, రెండోది జరిగిన విషయం. కథను మనం దిద్దలేం, మూడు తప్పుల్ని దిద్దగలం.

తర్వాత కాగితాన్ని నిలువునా రెండుగా మడిచి, నా చేతిలో లేనివి ఒకవైపు, ఉన్నవి ఇంకోవైపు రాయండి. నెలల తరబడి కష్టపడిన ఒక పనిని పైవాళ్లు అర్ధంతరంగా ఆపేసినప్పుడు నేను ఇలా రాశాను. చేతిలో లేనివి పదకొండు తేలాయి, ఉన్నవి రెండే. అప్పటిదాకా చేసిందంతా ఒకచోట భద్రం చేసుకోవడం, ఎందుకు ఆపారో అడగడం. ఆ రెండూ చేశాక కూడా బాధ పోలేదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టింది.

ఉన్నవాటిలోంచి ఒక్కటి ఎంచుకోండి. పావుగంటలో అయిపోయేది, రేపు ఈపాటికల్లా పూర్తయ్యేది కావాలి. ఎంత చిన్నదైనా ఫర్వాలేదు.

2. ‘ఇలా జరిగితే ఇలా చేస్తాను’ అని ముందే తేల్చుకోండి

‘ఇకనుంచి కోపం తెచ్చుకోను’ లాంటి తీర్మానాలు అవసరానికి గుర్తురావు. సందర్భాన్నీ పనినీ ముడివేసి పెట్టుకుంటే అనుకున్నది చేసే అవకాశం పెరుగుతుందని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో రాసిన వ్యాసంలో వివరించారు. ఉదాహరణకి: ‘మీటింగులో ఎవరైనా నా మాటకి అడ్డొస్తే, ఒక్క క్షణం ఆగి, నన్ను పూర్తిచేయనివ్వండి అంటాను.’ మీరు తరచూ తడబడే సందర్భాలు రెండో మూడో ఉంటాయి. వాటికి చాలు.

3. కష్టాన్ని మోతాదుగా తీసుకోండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే, జనం ఎక్కువగా తప్పు చేసేదీ ఇక్కడే. నీళ్లంటే భయపడేవాణ్ని లోతులోకి తోసేస్తే ఈత వస్తుందనుకుంటారు. చాలాసార్లు భయమే ముదురుతుంది. డొనాల్డ్ మైకెన్‌బామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రూపొందించిన శిక్షణ ఇందుకు భిన్నం. టీకాలాగా, ఓర్చుకోగలిగినంత ఒత్తిడిని ముందుగా రుచి చూపించి అలవాటు చేయడం దాని పద్ధతి.

నలుగురిలో మాట్లాడాలంటే వణుకు అనుకుందాం. ఐదు మెట్లు రాసుకోండి. గదిలో ఒక్కరే నిలబడి గట్టిగా చదవడం మొదటి మెట్టు. తర్వాత ఒక స్నేహితుడి ముందు రెండు నిమిషాలు మాట్లాడడం, మీటింగులో ఒక ప్రశ్న అడగడం, చిన్న బృందానికి ఐదు నిమిషాలు వివరించడం, చివరికి పెద్ద సభ. ఒక మెట్టు మీద వణుకు కాస్త తగ్గేవరకూ అక్కడే ఉండండి. మరీ ముఖ్యంగా, భయం పతాకస్థాయిలో ఉన్నప్పుడు పారిపోకండి. అలా వచ్చేస్తే ‘పారిపోవడమే మందు’ అని మెదడు నేర్చుకుంటుంది. రెండు నిమిషాలు ఓపిక పట్టి, కొంచెం నెమ్మదించాకే బయటికి రండి.

4. ఒంటిని పట్టించుకోండి

నిద్ర చాలనివాడికి చిన్న మాట కూడా గునపంలా దిగుతుంది. పెద్ద నిర్ణయాలన్నీ నిద్రపోయి లేచాక తీసుకోండి. గుండె దడదడలాడుతున్నప్పుడు లోపలికి తీసుకునే ఊపిరి కన్నా వదిలే ఊపిరి నిదానంగా, పొడవుగా ఉండేలా చూసుకోండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే తగ్గుతుంది.

5. మీతో మీరు పేరు పెట్టి మాట్లాడండి

‘నేనెందుకిలా చేశాను’ అని కాకుండా, మీ పేరుతో మిమ్మల్ని పిలుచుకుని ‘ఇప్పుడు ఏం చేద్దాం?’ అని అడగండి. ఇలా మాట్లాడుకున్నవాళ్లు ఒత్తిడిలో మెరుగ్గా నిలబడ్డారని మనస్తత్వ శాస్త్రవేత్త ఈథన్ క్రాస్ బృందం 2014లో చూపించింది. మొదట్లో వింతగా అనిపిస్తుంది. స్నేహితుడికి చెప్పేటప్పుడు మన నోట మంచి సలహాలే వస్తాయి కదా, ఆ దూరం మనకి మనం ఇచ్చుకోవడమే ఇది.

6. ఒక్క మనిషినైనా దగ్గర ఉంచుకోండి

హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన పిల్లల్ని మనస్తత్వ శాస్త్రవేత్త ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవల మధ్య పెరిగినవాళ్లలో దాదాపు మూడోవంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్లలో చాలామందికి అండగా నిలిచిన పెద్దవాళ్లు ఎవరో ఒకరు ఉన్నారు. కాబట్టి సాయం అడగడాన్ని బలహీనత కింద లెక్కకట్టకండి. ‘సలహా వద్దు, కాసేపు విను చాలు’ అని అడిగినా మంచిదే.

ఓర్చుకోవడానికీ ఒక హద్దుంది. రోజూ అవమానించే చోట ‘నేను గట్టివాణ్ని’ అంటూ పడి ఉండకండి, బయటపడే దారి వెతకండి. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, నిద్రా ఆకలీ పోతే, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, వెంటనే డాక్టరుని కలవండి.

ఇదంతా అలవాటు కావడానికి ఎన్నాళ్లు పడుతుందని అడుగుతారేమో. పరిశోధకురాలు ఫిలిపా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక కొత్త అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టమేమీ జరగలేదు. పైవాటిలో ఏదైనా చేయడం తప్పిన రోజుని అలాగే వదిలేసి, మర్నాడు మళ్లీ మొదలుపెట్టండి.