మనకు వచ్చిన పనిని దేవునికి అప్పగించడం ఎలా?

వరాలు, అంటే దేవుడు మనకిచ్చిన సామర్థ్యాలు, అనగానే చాలామంది విశ్వాసులకు ప్రసంగం చేసేవాళ్లో, పాటలు పాడేవాళ్లో గుర్తొస్తారు. లెక్కలు తప్పు లేకుండా రాయడం, విరిగిన కుర్చీని బాగుచేయడం, బాధలో ఉన్న మనిషి మాటకు అడ్డు తగలకుండా వినడం లాంటివి ఆ లెక్కలోకే రావు. కానీ నిర్గమకాండం 31వ అధ్యాయం చూడండి. దేవుడు బెసలేలు అనే అతన్ని పేరు పెట్టి పిలిచి, తన ఆత్మతో నింపానని చెప్పాడు. అతను బంగారం, వెండి, ఇత్తడి, రత్నాలు, చెక్కలతో పని చేసే పనివాడు. తోడుగా అహోలీయాబును కూడా ఇచ్చాడు. చేతిపని కూడా దేవుడిచ్చిందే అని ఒప్పుకున్నాక, దాన్ని ఆయనకు అప్పగించడానికి ఏం చేయాలో ఆలోచించవచ్చు.

మొదటి మెట్టు: మీ దగ్గర ఏముందో రాసుకోండి

ఒక వారం పాటు ఒక కాగితం దగ్గర పెట్టుకోండి. ఎవరు ఏ పని కోసం మీ దగ్గరికి వచ్చారో అందులో రాయండి. "ఈ దరఖాస్తు నింపిపెడతావా?", "పాపకు లెక్కలు అర్థం కావట్లేదు, కాస్త చెప్తావా?", "ఆసుపత్రికి తోడు వస్తావా?" ఇలాంటివే. మనకు సులువుగా వచ్చే పని మన కంటికి ఆనదు, పక్కవాళ్లకే కనిపిస్తుంది. "నాకేమీ రాదండీ" అనడం వినయం అనుకోకండి. నీవు పొందనిది నీ దగ్గర ఏముందని పౌలు కొరింథీయులను అడిగాడు. పొందినదాన్ని లేదనడం ఇచ్చినవాణ్ని మరచిపోవడమే అవుతుంది.

రెండో మెట్టు: దేవుని గురించి మీరేమనుకుంటున్నారో చూసుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు ఆగండి.

మత్తయి 25లో యేసు చెప్పిన తలాంతుల ఉపమానం గుర్తు చేసుకుందాం. ఒక యజమాని ప్రయాణం వెళ్తూ ముగ్గురు దాసులకు ఐదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులు అప్పగించాడు. మొదటి ఇద్దరూ వాటితో వ్యాపారం చేసి రెట్టింపు చేశారు, మూడోవాడు తనదాన్ని భూమిలో పాతిపెట్టాడు. ఒక తలాంతు అంటే సుమారు 6000 దేనారాలు, అంటే ఆనాటి వెండి నాణేలు. కూలికి రోజుకు ఒక దేనారం చొప్పున చూస్తే దాదాపు 20 ఏళ్ల సంపాదన. అంటే మూడో దాసుడికి దక్కింది కూడా చిన్న మొత్తమేమీ కాదు. మరి ఎందుకు పాతిపెట్టాడు? యజమాని అతన్ని సోమరి అన్నాడు, నిజమే. అయితే ఆ దాసుడు తన నోటితో చెప్పిన కారణం వేరు: నువ్వు కఠినుడివని తెలిసి భయపడ్డాను అన్నాడు. అంత సొమ్ము తనను నమ్మి చేతిలో పెట్టి వెళ్లాడన్న సంగతి అతనికి కనబడనే లేదు.

మన వరాలు మూలన పడి ఉండటానికి కూడా చాలాసార్లు ఈ భయమే కారణమని నా నమ్మకం. తప్పు జరిగితే దేవుడు ఏమంటాడో, మనుషులు ఏమనుకుంటారో అని టెన్షన్. అందుకని అదే కాగితం వెనక ఒక ప్రశ్న రాయండి: "ఈ పని సరిగా చేయలేకపోతే దేవుడు నన్ను ఎలా చూస్తాడు?" మనసులో ఏ జవాబు వస్తే అదే రాయండి, బాగుండాలని దిద్దకండి. తర్వాత రోమా 8:32 చదవండి. తన సొంత కుమారుణ్నే మనకోసం ఇచ్చిన తండ్రి అక్కడ కనిపిస్తాడు. మీరు రాసిన జవాబుకూ ఆ వచనానికీ పొంతన లేకపోతే, ఆ తేడా గురించే ప్రార్థించండి. వారాలు పట్టినా పట్టనివ్వండి. ఈ మెట్టు దాటేసి పనిలోకి దూకితే సేవ భయంతో నడుస్తుంది, కొన్నాళ్లకు విసుగే మిగులుతుంది.

మూడో మెట్టు: పేరు పెట్టి అప్పగించండి

"ప్రభువా, నా జీవితమంతా నీదే" అనేది మంచి ప్రార్థన. కానీ దాని వెనక తప్పించుకోవడం కూడా తేలికే. పనిని పేరు పెట్టి చెప్పండి: "ప్రభువా, ఓపిగ్గా వినే మనసు నాకిచ్చావు. ఈ సాయంత్రం ఆమె ఫోన్ చేసినప్పుడు సలహాలు చెప్పేయాలన్న తొందర నాకు రానివ్వకు. ఆమె గుండె బరువు తగ్గించడం నీ చేతిలోనే ఉంది." నీ చేతిలో ఏముందని దేవుడు మోషేను అడిగినప్పుడు అక్కడున్నది గొర్రెలు కాసే కర్ర. అదే అధ్యాయంలో మోషే ఐగుప్తుకు బయల్దేరేసరికి దాన్ని దేవుని కర్ర అంటున్నారు.

నాలుగో మెట్టు: ఒక్కరితో మొదలుపెట్టండి

యొప్పేలో తబితా అనే శిష్యురాలు ఉండేది, ఆమెనే దొర్కా అంటారు. ఆమె చనిపోయినప్పుడు పేతురు మేడగదిలోకి వెళ్తే, విధవరాండ్రు ఏడుస్తూ చుట్టూ నిలబడ్డారు. ఆమె బతికుండగా కుట్టిన అంగీలు, బట్టలు తీసి ఆయనకు చూపించారు. దొర్కా మాట్లాడిన మాట ఒక్కటి కూడా అపొస్తలుల కార్యములలో లేదు. ఆమె గురించి ఆ బట్టలే చెప్పాయి.

ఈ వారానికి ఒక మనిషి, ఒక పని, ఒక రోజు అనుకోండి, చాలు. "ఏదైనా సాయం కావాలంటే చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు. "బుధవారం సాయంత్రం వచ్చి మీ కాగితాలు సర్దిపెడతాను" అంటే వాళ్లకు ధైర్యంగా ఉంటుంది, మీరూ మాట తప్పరు.

ఐదో మెట్టు: ఫలితం ఆయనకు వదిలేయండి

ఐదు తలాంతులవాడికీ రెండు తలాంతులవాడికీ యజమాని చెప్పింది ఒకటే మాట: "భళా, నమ్మకమైన మంచి దాసుడా". కాబట్టి పక్కవాళ్లతో పోల్చుకుంటూ కూర్చోవాల్సిన పని లేదు. చేసినదానికి ఎవరూ కృతజ్ఞత చెప్పకపోతే బాధేస్తుంది. ఆ బాధను దాచుకోకుండా దేవునికి ఉన్నదున్నట్టు చెప్పండి.

ఆరో మెట్టు: ఎక్కడ ఆపాలో తెలుసుకోండి

దేవుణ్ని నమ్మడంలో ఆగడం కూడా ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్రజల తగవులు ఒక్కడే తీరుస్తున్న మోషేను చూసి, నువ్వూ జనమూ నలిగిపోతారని మామ యిత్రో హెచ్చరించాడు. పని పంచుకోమన్నాడు. అడిగిన ప్రతిదానికీ సరే అనేసి, ఇంటికొచ్చి సొంతవాళ్ల మీద చిరాకు పడుతుంటే అది ఆగాల్సిన గుర్తు. జబ్బు వల్లో వయసు వల్లో ఒకప్పుడు చేసిన పని ఇప్పుడు చేయలేకపోతే కుమిలిపోకండి. విరాళం గురించి రాస్తూ పౌలు చెప్పిన మాట ఇక్కడా పనికొస్తుంది: లేనిదాన్ని బట్టి కాకుండా, ఉన్నదాన్ని బట్టే దేవుడు మన అర్పణ అంగీకరిస్తాడు (2 కొరింథీ 8:12).

కొన్ని వారాలయ్యాక ఆ కాగితం తీసుకుని మీ పాస్టరుగారి దగ్గరికో, మిమ్మల్ని బాగా ఎరిగిన ఒక విశ్వాసి దగ్గరికో వెళ్లండి. రెండు ప్రశ్నలు అడగండి: "ఇందులో నేను రాయకుండా వదిలేసింది ఏమైనా ఉందా? నాది కాని పని ఏదైనా మోస్తున్నానా?" జవాబు పూర్తిగా వినండి, వెంటనే సర్దిచెప్పుకోకండి. తర్వాత కలిసి ప్రార్థించి, వచ్చే వారానికి ఒక పేరు రాసుకోండి.