విశాఖలో పిల్లలను ఇండోర్ ప్లే ఏరియాకు ఎలా తీసుకెళ్లాలి?

మే నెలలో మధ్యాహ్నం పూట విశాఖలో పిల్లలను బయట ఆడించడం కష్టం. బీచ్‌లో ఇసుక కాలుతుంది, పార్కులో జారుడుబల్ల మీద చెయ్యి పెట్టలేం, సముద్రపు గాలికి చెమట ఆరదు. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను వస్తే నాలుగు రోజులు ఇంట్లోనే. అందుకే జారుడుబల్లలు, వలలు, బంతుల తొట్లు ఒకే కప్పు కింద ఉండే ఇండోర్ ప్లే ఏరియాలకు అంత గిరాకీ. మా ఇద్దరు పిల్లలతో, ఒక్కోసారి మా చెల్లెలి బాబుతో కూడా నేను చాలాసార్లు వెళ్లాను. ఎవరు అడిగినా ముందు చెప్పే మాట ఇది: వచ్చేవాళ్లలో అందరికంటే చిన్న పిల్ల ఎవరో చూసి, ఆ పిల్లకు తగ్గట్టు ప్లాన్ వేయండి. పెద్దవాళ్లు ఎలాగైనా సర్దుకుంటారు.

ముందు ఫోన్ చేయండి

టికెట్ ధర ఒక్కటే అడిగి పెట్టేయకండి. మూడేళ్లలోపు పిల్లలకు విడిగా చోటు ఉందా? లోపలికి ఎత్తును బట్టి రానిస్తారా, వయసును బట్టా? తోడు వచ్చే పెద్దవాళ్లకూ టికెట్ ఉందా? ఎంతసేపు ఆడుకోవచ్చు? ఇంటి నుంచి తెచ్చిన నీళ్లు, తిండి రానిస్తారా? చాలామంది మరిచిపోయే ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ రోజు బర్త్‌డే పార్టీ ఏమైనా బుక్ అయిందా? పార్టీ ఉంటే మిగతా పిల్లలకు ఊపిరాడదు.

రోజు, సమయం

వీలైతే మామూలు రోజున, తెరవగానే వెళ్లండి. సెలవుల్లో అయితే ఇది సులువే. ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు. ఒకసారి మేం ఆ తప్పే చేశాం. రోజంతా ఆడుకోవచ్చన్న టికెట్ తీసుకున్నాం, డబ్బు వృథా కాకూడదని నాలుగు గంటలు ఉంచేశాం. అప్పటికి మా చిన్నదానికి రెండున్నరేళ్లు. మధ్యాహ్నం నిద్ర లేదు, చుట్టూ పెద్ద పిల్లల పరుగులు. చివరి గంటంతా ఏడుస్తూనే ఉంది. ఆ తర్వాత నాకు అర్థమైంది, చిన్నపిల్లలకు గంటన్నర చాలు, పెద్ద పిల్లలకు రెండు గంటలు. పొద్దున్న టిఫిన్ అయ్యాక గంట ఆగి మొదలుపెట్టి, నిద్ర వేళకు ఇంటికి చేరేలా చూసుకోండి.

ప్రయాణం కూడా అందులో భాగమే. గాజువాక నుంచి మద్దిలపాలెం వైపు వస్తే ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దగ్గర ఎంతసేపు పడుతుందో చెప్పలేం. మధురవాడలో ఉండేవాళ్లు దగ్గరలో చిన్నదేదైనా ఉంటే దానికే వెళ్లడం మంచిది. సింహాచలం గిరి ప్రదక్షిణ రోజున అసలు పెట్టుకోకండి. ఆ 32 కిలోమీటర్ల దారి అప్పుఘర్, వెంకోజీపాలెం, ఇసుకతోట, సీతమ్మధార మీదుగా సాగుతుంది కాబట్టి సగం ఊరికి ట్రాఫిక్ మళ్లిస్తారు.

బట్టలు, బ్యాగు

పిల్లలకు సాక్సులు తప్పనిసరి. అడుగున రబ్బరు చుక్కలున్న గ్రిప్ సాక్సులు ఒక జత కొని ఉంచుకుంటే ప్రతిసారీ అక్కడ కొనక్కర్లేదు. మోకాళ్లు కప్పే కాటన్ ప్యాంటు వేయండి. ప్లాస్టిక్ జారుడుబల్ల మీద చర్మం గీసుకుపోదు.

నగల సంగతి అమ్మమ్మలకు, నానమ్మలకు కాస్త నెమ్మదిగా చెప్పాలి. పట్టీలు, గాజులు, మెడలో గొలుసు, పక్కపిన్నులు ఇంట్లోనే తీసేయండి. వలలో పట్టీ చిక్కుకుంటే కాలు మెలిపడుతుంది. మెడలో తాడు ఉంటే మరీ ప్రమాదం. మీరు లోపలికి వెళ్తుంటే మీ చున్నీ కూడా ముడివేసుకోండి. బంతుల తొట్టిలో పడిన ఉంగరం దొరకడం చాలా కష్టం. బ్యాగులో మార్చడానికి ఒక జత బట్టలు, తువ్వాలు, నీళ్లు, సబ్బు పెట్టుకోండి. చెమట పట్టిన బనీను ఏసీలో ఒంటి మీదే ఆరనివ్వొద్దు.

లోపలికి వెళ్లగానే ఐదు నిమిషాలు

పిల్లలను వదిలే ముందు ఒకసారి చుట్టూ నడవండి. బయటికి వెళ్లే దారులు ఎన్ని? రెండో దారి దగ్గర సామాన్లు పేర్చారా, తలుపుకు తాళం వేశారా? 2024 మే 25న గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక గేమ్ జోన్ కాలిపోయి పాతికమందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. దానికి అగ్నిమాపక శాఖ అనుమతి లేదని తర్వాత బయటపడింది. అందుకే, దారి ఒక్కటే ఉంటే టికెట్ డబ్బులు పోయినా సరే, వెనక్కి వచ్చేయండి. తప్పిపోతే ఎక్కడికి రావాలో కూడా పిల్లలకు చోటు చూపించండి.

ఆడుతున్నప్పుడు

భయపడుతోంది కదా అని పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని జారొద్దు. ప్రేమతో చేసే పనే, కానీ పిల్ల పాదం జారుడుబల్ల అంచుకు తగిలి ఆగిపోతే మీ బరువంతా ఆ కాలి మీద పడుతుంది. చిన్నపిల్లల కాలి ఎముక అలాగే విరుగుతుంది. ఒంటరిగా జారలేని పిల్లను ఇంకా చిన్న బల్ల మీద జారనివ్వండి. మీరు పక్కన నిలబడి చెయ్యి పట్టుకోండి.

ట్రాంపోలిన్ మీద, అంటే ఎగరడానికి బిగించి కట్టిన సాగే పట్టా మీద, ఒకేసారి ఒక్కరే ఎగరాలి. ఎక్కువ దెబ్బలు ఇద్దరు ముగ్గురు కలిసి ఎగిరినప్పుడే తగులుతాయి, అదీ తేలికగా ఉన్న పిల్లకే. ఆరేళ్లలోపు వాళ్లను ట్రాంపోలిన్ ఎక్కించొద్దన్నది అమెరికా పిల్లల వైద్యుల సంఘం సలహా.

ఇద్దరు పెద్దవాళ్లుంటే చెరొక పిల్లను చూసుకోవాలని ముందే అనుకోండి. ‘నువ్వు చూస్తున్నావనుకున్నా’ అన్న మాట రాకూడదు. ఫొటోలు మొదటి పది నిమిషాల్లో తీసేసి ఫోన్ లోపల పెట్టేయండి.

ముప్పావు గంటకోసారి నీళ్లు తాగించండి. ఏదైనా తినేముందు సబ్బుతో చేతులు కడగాలి. చేతులు, కాళ్ల మీద పొక్కులు, నోటిలో పుండ్లు వచ్చే హ్యాండ్ ఫుట్ మౌత్ వ్యాధి తెచ్చే వైరస్‌ల మీద శానిటైజర్ అంతగా పనిచేయదు. మీ పిల్లకు జ్వరమో, నోటిలో పుండ్లో ఉంటే ఆ రోజు మానేయండి. మిగతా తల్లిదండ్రులూ అలాగే చేస్తేనే మన పిల్లలు క్షేమంగా ఉంటారు.

బయలుదేరేటప్పుడు

పది నిమిషాల ముందు ఒకసారి, ఐదు నిమిషాల ముందు ఇంకోసారి చెప్పండి. ‘ఇంకా రెండుసార్లు జారి వచ్చేయ్’ అంటే చిన్నపిల్లలకు బాగా అర్థమవుతుంది, నిమిషాల లెక్క వాళ్లకు తెలియదు. అదే రోజు ఆర్‌కే బీచ్, సబ్‌మెరైన్ మ్యూజియం కూడా చుట్టేద్దామనుకోకండి. వాటికి ఇంకో రోజు కేటాయించండి.

రాత్రి స్నానం చేయించేటప్పుడు మోకాళ్లు, మోచేతులు, తల ఒకసారి చూడండి. కాలు కింద మోపనని పిల్ల మొరాయిస్తే అలసట అనుకుని వదిలేయకుండా మర్నాడే డాక్టరుకు చూపించండి. తలకు దెబ్బ తగిలాక వాంతులు అవుతున్నా, మత్తుగా ఉన్నా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.