ట్రాస్టుజుమాబ్ మొదలుపెట్టే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ముదిరిన జీర్ణాశయ క్యాన్సర్‌లో ట్రాస్టుజుమాబ్ అందరికీ పనిచేసే మందు కాదు. కణితి కణాలపై హెర్-2 ప్రోటీన్ అధికంగా ఉన్నవారికే, సాధారణంగా కీమోథెరపీతో కలిపి, దీనిని ఇస్తారు.

• ముందుగా బయాప్సీ నివేదిక చూడాలి. ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీలో (కణితి ముక్కకు రంగు వేసి ప్రోటీన్ ఎంత ఉందో చూసే పరీక్ష) 3+ స్కోరు వస్తే హెర్-2 పాజిటివ్ అని అర్థం. 2+ వస్తే ఫిష్ (FISH) అనే జన్యు పరీక్షతో నిర్ధారించుకోవాలి. జీర్ణాశయ కణితిలో ఈ ప్రోటీన్ ఒకచోట ఉండి పక్కనే లేకపోవడం తరచుగా కనిపిస్తుంది కనుక, ఎండోస్కోపీలో తీసిన ముక్కలు చాలలేదని పాథాలజిస్టు రాస్తే, మళ్లీ బయాప్సీ అవసరమా అని అడగడానికి సంకోచించకూడదు. ఇంత ఖరీదైన మందు కొనే ముందు ఈ ఆలస్యం భరించదగినదే.

• ఈ మందు గుండె పంపింగ్‌ను తగ్గించవచ్చు. అందువల్ల మొదటి డోసుకు ముందే ఎకో (గుండె స్కానింగ్) తీయించి, చికిత్స సాగుతున్నంత కాలం సుమారు 3 నెలలకొకసారి తిరిగి చూపించుకోవాలి. పాత గుండె జబ్బు, బీపీ ఉంటే దాచకుండా చెప్పాలి.

• హెపటైటిస్-బి పరీక్ష చేయించాలి. కీమోలో కెపెసిటబీన్ అనే మాత్ర ఉండి, రోగి రక్తాన్ని పలుచబరిచే వార్ఫరిన్ వాడుతుంటే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది.

• గర్భిణులకు ఇది ఇవ్వరాదు. చివరి డోసు తరువాత 7 నెలల వరకు గర్భనిరోధం పాటించాలి.

• మొదటి డోసును బరువును బట్టి, కిలోకు 8 మిల్లీగ్రాముల చొప్పున, 90 నిమిషాలపాటు సెలైన్‌లో ఎక్కిస్తారు. చలి, వణుకు, ఆయాసం కలిగితే వెంటనే నర్సుకు చెప్పాలి. సీసాపై పేరు పూర్తిగా చదవాలి. ట్రాస్టుజుమాబ్ ఎమ్‌టాన్సిన్ వేరే మందు, దాని డోసూ వేరు.