ఇంటి బల్ల మీద ఎలక్ట్రానిక్స్ – నాలుగో పాఠం: ముందు ఐరన్, తర్వాతే బ్లోయర్

కిందటి పాఠం దాకా 25 వాట్ల మామూలు సోల్డరింగ్ ఐరన్‌తోనే నెట్టుకొచ్చాం. రెసిస్టర్లకూ ఎల్ఈడీలకూ అది సరిపోయింది. ఇకమీదట బోర్డు పైనే కూర్చునే ఎస్ఎండీ భాగాలు వస్తాయి కాబట్టి, హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే గుజరాతీ గల్లీకి బయల్దేరే ముందే ఏం కొనాలో తేల్చుకుందాం.

కొనాల్సినవి రెండు: మంచి ఐరన్, వేడి గాలి ఊది సోల్డర్ కరిగించే బ్లోయర్. చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతే మంచి ఐరనే కొనండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే కొత్తగా మొదలుపెట్టినవాళ్ల మనసు ముందుగా బ్లోయర్ మీదికే పోతుంది. ఎనిమిది కాళ్ల ఐసీని (చిప్‌ని), సుమారు 2 మిల్లీమీటర్ల పొడవుండే 0805 సైజు రెసిస్టర్‌ని పెట్టడానికి బ్లోయర్ అక్కర్లేదు. సరైన బిట్ (ఐరన్ మొన), కాస్త ఫ్లక్స్ (సోల్డర్ సరిగ్గా అంటుకునేలా రాసే పదార్థం) ఉంటే చాలు. బ్లోయర్ అసలు అవసరం పడేది తీసేటప్పుడు, లేదా కాళ్లు పొట్ట కింద దాగిన ఐసీలు వచ్చినప్పుడు.

ఐరన్ ఎంచేటప్పుడు డబ్బా మీద రాసిన గరిష్ఠ ఉష్ణోగ్రత చూసి మోసపోకండి. బిట్ 400 డిగ్రీల దగ్గరున్నా, వెడల్పాటి గ్రౌండ్ రాగి పొరకు తగలగానే చల్లారిపోతే సోల్డర్ ముద్ద కడుతుంది. ఎర్రగా కాల్చిన సూదిని బిందెడు నీళ్లలో ముంచితే చల్లారేది సూదే కదా. పోయిన వేడిని ఐరన్ ఎంత త్వరగా తిరిగి అందిస్తుందన్నదే అసలు పరీక్ష.

936 రకం స్టేషన్లలో (వేడిని మనమే సెట్ చేసుకోగల ఐరన్లలో) పింగాణీ హీటరు మీద బిట్ తొడుగులా కూర్చుంటుంది. మధ్యలో సన్నటి గాలి ఖాళీ ఉండడంతో వేడి అందడం కాస్త ఆలస్యమవుతుంది. టీ12 రకంలో హీటరు, వేడిని కొలిచే సెన్సరు, బిట్ మొన అన్నీ ఒకే కడ్డీలో ఉంటాయి. బిట్ ధర ఎక్కువే, అయినా నా ఓటు దీనికే. దీని నిరోధం సుమారు 8 ఓములు. రెండో పాఠంలోని సూత్రం (వోల్టుల వర్గాన్ని ఓములతో భాగిస్తే వాట్లు) వేసి చూడండి: 24 వోల్టులకు 72 వాట్లు, పాత లాప్‌టాప్ అడాప్టరు ఇచ్చే 19 వోల్టులకు 45 వాట్లు. అడాప్టరుతోనూ పని జరుగుతుంది, శక్తి మాత్రం తగ్గుతుంది.

సూదిమొన బిట్ వద్దు, దానికి తగిలే చోటే తక్కువ. ఉలి ఆకారంలో, 2.4 మిల్లీమీటర్ల వెడల్పున్నది తీసుకోండి. సోల్డర్ వైరు 63/37 (63 శాతం తగరం, 37 శాతం లెడ్, అంటే సీసం) అడగండి, అది సరిగ్గా 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఐరన్‌ని 320–350 మధ్య పెడితే చాలు. ఫ్లక్స్ మాత్రం ఎలక్ట్రానిక్స్‌ది అని అడిగి తీసుకోండి. పైపుల పనికి వాడే యాసిడ్ ఫ్లక్స్ రాగిని తినేస్తుంది.

ఇక బ్లోయర్. 858డీ రకంలో ఫ్యాను పిడిలోనే ఉంటుంది. తేలిక, చవక, హాబీకి ఇది చాలు. గాలి పంపు కింది పెట్టెలో ఉండే రకం బరువు, ధర కూడా ఎక్కువ.

కొన్నాక వేడి చేయడానికి ముందే ఒక పని చేసి తీరాలి. ప్లగ్‌ని గోడకు పెట్టకుండా, మల్టీమీటర్ ఒక కొసను ప్లగ్ లావుపాటి ఎర్త్ పిన్నుకు, రెండోదాన్ని ఇనుప నాజిల్‌కు తాకించండి. ఒకటి రెండు ఓములకు మించి చూపిస్తే తిరిగి ఇచ్చేయండి. కొన్ని చవక యూనిట్లలో నాజిల్‌కు ఎర్త్ ఉండదు, ఫ్యూజు కూడా ఫేజు మీద కాక న్యూట్రల్ మీద ఉంటుంది. 230 వోల్టుల దగ్గర ఇది ప్రాణం మీదికి తెచ్చే విషయం. మీ గోడ సాకెట్లో ఎర్త్ రంధ్రం వెనక తీగ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. పాత ఇళ్లలో మరీ ముఖ్యం.

పని అయ్యాక పిడిని స్టాండులో పెడితే, వేడి 100 డిగ్రీల లోపుకు దిగేదాకా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. అది ఆగకముందే ప్లగ్ పీకితే హీటరు, పిడి రెండూ దెబ్బతింటాయి. సీలింగ్ ఫ్యాను కింద కూర్చోవద్దు. దాని గాలికి బోర్డు ఒకవైపు చల్లబడుతూ ఉంటుంది. కిటికీ తెరిచి, పొగ మొహం మీదికి రాకుండా కూర్చోండి. లెడ్ ఉన్న వైరు వాడాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఈ వారం అభ్యాసం: మొబైల్ రిపేరు షాపులోనో పాత కంప్యూటర్ల దుకాణంలోనో ఒక పాడైన బోర్డు అడిగి తెచ్చుకోండి. ఈమధ్యవి చాలావరకు లెడ్ లేని సోల్డర్‌తో చేసినవి, 217 డిగ్రీలు దాటితే గానీ కరగవు. పక్కనున్న ప్లాస్టిక్ కనెక్టర్లకు వేడిని తట్టుకునే కాప్టాన్ టేపు అంటించండి. ఎనిమిది కాళ్ల ఐసీకి ఫ్లక్స్ రాసి, బ్లోయర్ 350 దగ్గర పెట్టి, ఒకేచోట నిలపకుండా గుండ్రంగా తిప్పండి. ఐసీని లాగొద్దు, ట్వీజర్‌తో మెల్లగా తడితే దానంతట అదే కదలాలి. తీశాక అదే ఐసీని ఐరన్‌తో తిరిగి కూర్చోబెట్టండి. ఐసీ కాలు అతుక్కునే రాగి ప్యాడు ఒక్కటి బోర్డు నుంచి లేచినా మరో ఐసీతో మళ్లీ చేయండి. ప్యాడ్లన్నీ నిలిచిన బోర్డుతోనే వచ్చే వారం, మిగిలిన సోల్డర్‌ని పీల్చే రాగి అల్లిక విక్‌తో శుభ్రం చేయడం మొదలుపెడతాం.