పాత రోడ్ బైక్‌కి కొత్త గేర్లు – 3వ పాఠం: వెనక డ్రాపౌట్లను 126 నుంచి 130కి తెరవడం

గత పాఠంలో కొలతలు రాసుకున్న కాగితం తీయండి. వెనక డ్రాపౌట్ల (చక్రం యాక్సిల్ కూర్చునే, ఫ్రేమ్ చివరి గాడి పలకలు) లోపలి అంచుల మధ్య 126 మి.మీ. ఉంటే మీ ఫ్రేమ్ 6, 7 స్పీడ్‌ల (వెనక 6, 7 పళ్లచక్రాల) కాలానిది. 8 నుంచి 11 స్పీడ్ దాకా వచ్చిన రిమ్ బ్రేక్ హబ్బులకు (చక్రం నడిమి భాగాలకు) 130 కావాలి.

నాలుగు మిల్లీమీటర్లే కదా, చేత్తో లాగి చక్రం దూర్చేస్తే పోదా? దూరుతుంది, చాలామంది అలాగే తిప్పుతున్నారు కూడా. కానీ పంక్చర్ పడ్డ ప్రతిసారీ రోడ్డు పక్కన కుస్తీ తప్పదు. పైగా డ్రాపౌట్లు సమాంతరంగా ఉండవు కాబట్టి బిగించినప్పుడు యాక్సిల్ మీద వంపు పడుతుంది.

ఫ్రేమ్ స్టీలుదే అయి ఉండాలి. అయస్కాంతం అంటుకోకపోతే ఇక్కడితో ఆగిపోండి: వైటస్ 979 లాంటి అతికించిన అల్యూమినియం ఫ్రేములు, కార్బన్‌వి ఈ పనికి తట్టుకోవు. స్టీలు గొట్టాల రకాల్లో రెనాల్డ్స్ 531 చక్కగా లొంగుతుంది, 753 జోలికి మాత్రం వెళ్లొద్దు. వెల్డింగ్ షాపువాళ్లు వేడి చేసి వంచుతామంటే ఒప్పుకోకండి.

ముందు దారం పరీక్ష. ఎడమ డ్రాపౌట్‌కి నైలాన్ దారం కట్టి, హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద ఉండే ముందు గొట్టం) చుట్టూ తిప్పి, కుడి డ్రాపౌట్ దాకా బిగువుగా లాగి కట్టండి. సీట్ ట్యూబ్ (సీటు కింది నిలువు గొట్టం) నుంచి దారానికి రెండు పక్కలా ఎంత ఖాళీ ఉందో కొలవండి. ఎడమ 31, కుడి 29 వస్తే చక్రం మధ్యరేఖ దాదాపు 2 మి.మీ. ఎడమకు పోయినట్టు. అప్పుడు రెండు పక్కలా సమానంగా తెరవకూడదు, నాలుగూ కుడి పక్కే తెరవాలి.

తెరవడానికి 10 మి.మీ. మరలున్న కడ్డీ 25 సెం.మీ. ముక్క, రెండు నట్లు, రెండు మందపాటి వాషర్లు చాలు. నట్లు, వాషర్లు డ్రాపౌట్లకు లోపలివైపు ఉంచి బయటికి తిప్పండి. 130 దగ్గర ఆపితే స్టీలు మళ్లీ 126కే వచ్చేస్తుంది. 140 దాకా తెరిచి, పూర్తిగా వదులు చేసి, కొలవండి. మార్పు లేకపోతే 3 మి.మీ. చొప్పున పెంచుతూ పోండి. లొంగడం మొదలయ్యాక తెరిచిన ప్రతి మిల్లీమీటరూ దాదాపు అలాగే నిలిచిపోతుంది, 130 దాటి 134 అయిపోయేది అక్కడే. ఆ దశ నుంచి ఒక్కో మిల్లీమీటరే.

కడ్డీకి ఒక లోపం ఉంది: బలహీనమైన పక్కే ఎక్కువ జరుగుతుంది. అందుకే మళ్లీ దారం కట్టి చూడాలి. ఒక పక్కే సరిచేయాల్సి వస్తే అయిదడుగుల చెక్క బద్ద వాడండి. కుడి పక్క తెరవాలంటే బద్ద ముందు కొన సీట్ ట్యూబ్‌కి కుడివైపు ఆని, నడుమ భాగం కుడి డ్రాపౌట్‌ను లోపలినుంచి నెట్టాలి. ట్యూబ్ మీద గుడ్డ చుట్టి, బాటమ్ బ్రాకెట్‌కి (పెడళ్ల ఇరుసు ఉండే చోటుకి) దగ్గరగా ఆనించండి. ట్యూబ్ మధ్యలో గోడ పలుచన, సొట్ట పడుతుంది.

130 వచ్చాక డ్రాపౌట్లను సమాంతరం చేయించి, డిరైలర్ హ్యాంగర్‌ను (గేర్లు మార్చే డిరైలర్ బిగించే పలకను) అలైన్‌మెంట్ గేజ్‌తో వంకర ఉందేమో చూపించండి. సైకిల్ షాపులో నిమిషాల పని. 7 స్పీడ్‌లో పళ్లచక్రాల మధ్య దూరం సుమారు 5 మి.మీ., 10 స్పీడ్‌లో 3.95. పాత గేర్లు పట్టించుకోని వంకరకు కొత్తవి గొలుసును పక్క పళ్లచక్రం మీదికి ఎక్కిస్తాయి.

వచ్చే పాఠం బాటమ్ బ్రాకెట్. ఈలోగా దాని షెల్ వెడల్పు కొలిచి ఉంచండి: 70 మి.మీ. వస్తే ఇటాలియన్ మరలు, కుడి కప్పు కూడా మామూలు దిశలోనే విప్పాలి.