పాత బీఎండబ్ల్యూలో పికప్ తగ్గిందా? వానోస్ సీల్స్ జోలికి వెళ్లే ముందు రబ్బరు బూటు విప్పి చూడండి

లక్షణాలు

కింది ఆర్‌పీఎంలో బండి బద్ధకంగా కదులుతుంది, 3000 దాటాక ఒక్కసారిగా ఊపందుకుంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఐడ్లింగ్ ఊగుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఈ46 (3 సిరీస్), ఈ39 (5 సిరీస్) బండ్లలో వచ్చిన ఎం52టీయూ, ఎం54 ఇంజిన్ల గురించే ఇదంతా.

ఇవి కనబడగానే వానోస్ సీల్ కిట్ ఆర్డర్ పెట్టేస్తారు. అనుమానం తప్పేమీ కాదు. వానోస్ అంటే వాల్వులు తెరిచే కామ్ షాఫ్టు కోణాన్ని ఆయిల్ ప్రెషర్‌తో మార్చే యూనిట్. దాని పిస్టన్ మీద టెఫ్లాన్ రింగు, దాని కింద రబ్బరు ఓ-రింగు ఉంటాయి. కంపెనీ వేసింది నైట్రైల్ రబ్బరు. వేడికీ ఆయిల్‌కీ అది గట్టిపడి, టెఫ్లాన్‌ని గోడకు నొక్కిపట్టే సత్తువ పోతుంది. ఆయిల్ ప్రెషర్ పక్కనుంచి జారిపోయి, కామ్ షాఫ్టు రావలసిన కోణానికి రాదు. కానీ గాలి లీకయినా బండి అచ్చం ఇలాగే చేస్తుంది. అది చూసుకోకుండా వాల్వ్ కవర్ విప్పేవాళ్లే ఎక్కువ.

దొరక్కుండా తిప్పలు పెట్టేది: బూటు అడుగున పగులు

ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్ మాస్ సెన్సర్‌కీ, ఆ గాలిని అదుపుచేసే థ్రాటిల్ బాడీకీ మధ్య రబ్బరు బూట్లు ఉంటాయి. పగిలేది ముడతల మధ్య, అదీ అడుగు వైపు. పైనుంచి చూస్తే నిగనిగలాడుతూ కొత్తదానిలా ఉంటుంది. చేత్తో తడిమినా తెలియదు.

లీకు వెతకడానికి క్లీనర్ స్ప్రే కొట్టి, "ఐడ్లింగ్ మారలేదు, లీకు లేదు" అని తేల్చేస్తారు. స్ప్రే పనిచేసేది థ్రాటిల్ తర్వాత, మానిఫోల్డ్ వాక్యూమ్ ఉన్నచోట. బూటు థ్రాటిల్‌కి ముందుంది, ఐడ్లింగ్‌లో అక్కడ లాగుడు దాదాపు ఉండదు. యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ మౌంట్ల మీద ఒరుగుతుంది, అప్పుడు పగులు నోరు తెరుస్తుంది.

స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (ఇంజిన్ కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచి, తగ్గించి సర్దుతోందో చెప్పే అంకె) చూడండి. మానిఫోల్డ్ లీకైతే ట్రిమ్ ఐడ్లింగ్‌లో బాగా ప్లస్‌లో ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర తగ్గుతుంది. బూటు పగిలితే లోడులో కూడా తగ్గదు. అది చూసి ఫ్యూయల్ పంపునో సెన్సర్‌నో మార్చేస్తారు. పీ0171, పీ0174 కోడ్లు (గాలికి తగ్గ పెట్రోలు లేదని అర్థం) రెండు సందర్భాల్లోనూ రావచ్చు. వానోస్ సీల్స్ అరిగితే ట్రిమ్ ఇలా పెరగదు, ఎందుకంటే లోపలికి వెళ్లే గాలంతా సెన్సర్ కొలిచిందే.

పరిష్కారం: బూట్లు బయటికి తీసి, లైటు కింద ప్రతి ముడతనూ వంచి చూడటం. సన్నటి గీత కనబడినా కొత్తవే వేయాలి. టేపు, గమ్ము ఆయిల్ ఆవిరికి నిలవవు. ఐడిల్ వాల్వ్ పైపు బూటులోకి దిగేచోటు కూడా చూసి, క్లిప్పులు బిగించండి.

పనిలో పనిగా ఐడ్లింగ్‌లో ఆయిల్ మూత తీయండి. లోపలి లాగుడుకి మూత గట్టిగా అతుక్కుపోతే, ఈల మోగితే క్రాంక్‌కేస్ బ్రీదర్ వాల్వ్ (ఇంజిన్ లోపలి ఆవిరిని బయటికి పంపే వాల్వ్) పొర చిరిగినట్టే.

ఇవన్నీ బాగున్నాయా? అప్పుడు సీల్స్

నైట్రైల్ కాకుండా, వేడికి తట్టుకునే వైటాన్ రబ్బరు ఓ-రింగులున్న కిట్ తీసుకోండి. వానోస్ గాస్కెట్, వాల్వ్ కవర్ గాస్కెట్, ఆయిల్ పైపు బోల్టుకి రెండు వాషర్లు కొత్తవి ఉండాలి.

ఉల్టా థ్రెడ్ రెండు చోట్ల ఉంది. మెకానికల్ ఫ్యాన్ ఉన్న బండిలో 32 మి.మీ. ఫ్యాన్ నట్టు ఒకటి. పిస్టన్లని స్ప్లైన్ షాఫ్టులకు కలిపే టీ30 టార్క్స్ బోల్టులు రెండోది. వీటిని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడతాయి. మామూలు అలవాటుతో తిప్పితే టార్క్స్ గాడి అరిగిపోతుంది, ఇక ఆ పని ఒక రోజులో తెమలదు. వాటి ముందున్న మూతలు లాగినప్పుడు ఆయిల్ కారుతుంది, కింద గుడ్డ పెట్టుకోండి. యూనిట్ తీశాక స్ప్లైన్ షాఫ్టులు స్ప్రాకెట్లలోంచి లాగొద్దు, ఇంజిన్ తిప్పొద్దు. టైమింగ్ తప్పితే లాకింగ్ టూల్స్ లేకుండా బయటపడలేరు.

పాత టెఫ్లాన్‌ని పిస్టన్‌కి గీత పడకుండా బ్లేడుతో కోయండి. కొత్త ఓ-రింగు మెలితిరగకుండా కూర్చోవాలి. కొత్త టెఫ్లాన్‌ని వేడినీళ్లలో ఉంచి మెత్తబడ్డాక ఎక్కించండి. ఎక్కించేటప్పుడు సాగుతుంది, కాబట్టి ఆయిల్ రాసి వేళ్లతో చుట్టూ నొక్కుతూ మళ్లీ గాడిలోకి కుదించాలి. తొందరపడి సిలిండర్‌లోకి తోస్తే అంచు తెగుతుంది. వానోస్ నట్లు 10 న్యూటన్ మీటర్లు, ఆయిల్ పైపు బోల్టు 32. వాల్వ్ కవర్ మూసేముందు వానోస్, హెడ్ కలిసే అతుకుల మీద సీలెంట్ చుక్క పెట్టడం మరిచిపోతే అక్కడే ఆయిల్ కారుతుంది.

కొత్త సీల్స్ సర్దుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. 2000 ఆర్‌పీఎం దగ్గర గలగలమనే చప్పుడు సీల్స్‌తో పోదు, అది పిస్టన్ బేరింగ్ ఆట. దానికి వేరే రింగులు ఉంటాయి, యూనిట్ చేతిలో ఉన్నప్పుడే మార్చేస్తే మేలు.

సోలెనాయిడ్ ఇరుక్కోవడం, చైన్ గైడ్ విరగడం లాంటివి అరుదు. కామ్ సెన్సర్ పోతే పీ0340 లాంటి కోడ్ ముందే చెబుతుంది.