ఎండ దెబ్బ తగలని వైన్: మన షాపుల్లో చవకైన మంచి సీసా ఎంచుకోవడం ఎలా

శ్రీకాకుళం, విజయనగరం షాపుల్లో విస్కీ, బీరు పోయినంత జోరుగా వైన్ పోదు. సీసాలు నెలల తరబడి అరల్లోనే ఉండిపోతాయి. అందుకే ఇక్కడ ధర కన్నా ముందు ఆ సీసా ఎన్నాళ్లుగా, ఎలాంటి చోట ఉందో చూడాలి. వారాల తరబడి 30 డిగ్రీలు దాటిన వేడిలో ఉంటే ఎంత ఖరీదైన వైనైనా ఉడికిన పండ్ల వాసన కొడుతుంది.

ఎండ పడే అద్దాల అరలోది వద్దని, లోపల అట్టపెట్టెలోది అడగండి. కార్క్ బిరడా సీసా మూతి దాటి పైకి పొడుచుకొచ్చినా, మూత అంచున జిగటగా కారిన చార కనిపించినా ఆ సీసా వేడెక్కిందనే. తెల్ల వైన్ గోధుమరంగుకి తిరిగినా అంతే, వదిలేయండి. తిప్పే మూత ఉందని చవకరకం అనుకోవద్దు. షాపులో సీసాలు నిలబెట్టే ఉంచుతారు కాబట్టి కార్క్ ఎండిపోయి గాలి దూరుతుంది. తిప్పే మూతకి ఆ బాధ లేదు.

లేబుల్ మీద మూడు చూస్తే చాలు: ద్రాక్ష పేరు, ఏడాది, ఆల్కహాల్ శాతం. మన వైన్ ద్రాక్ష ఎక్కువగా పండే నాసిక్ వైపు కోత దాదాపుగా జనవరి నుంచి మార్చి దాకా. లేబుల్ మీది ఏడాది ఆ కోతదే. చవక తెల్ల వైన్, ‘రోజే’ అనే గులాబీరంగు వైన్ రెండేళ్లలోపువి తీసుకోండి. ఎర్ర వైన్‌కి మూడు, నాలుగేళ్లు పర్లేదు. పాతబడితే రుచి పెరిగేది కొన్ని ఖరీదైన రకాలకే. ఇక 13 శాతం ఉన్న 750 మి.లీ. సీసాలో ఆల్కహాల్ దాదాపు 97 మి.లీ. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. తాగితే వచ్చేది 52. ‘వైనే కదా’ అని ఒక్కరే సీసా ఖాళీ చేసేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండితేనే కొనాలన్నది తెలిసిందే.

పదాల్లో మొదట పట్టుకోవాల్సింది ‘డ్రై’. చక్కెర దాదాపు మిగలని వైన్ అని అర్థం, మామూలుగా లీటరుకి 4 గ్రాముల లోపు. పండు వాసన రాగానే తీపి అనుకుంటారు చాలామంది. ముక్కు మూసుకుని ఒక గుక్క తీసుకోండి. అప్పుడూ నాలుకకి తగిలితేనే తీపి.

‘టానిన్’ అంటే వగరు. ఉద్దానంలో జీడిమామిడి పండు కొరికితే నాలుక, చిగుళ్లు బిగుసుకుపోతాయే, అదే. ఇంట్లో తేల్చుకోవాలంటే టీ ఆకుని ఒక గ్లాసులో 2 నిమిషాలు, ఇంకో గ్లాసులో 8 నిమిషాలు నాననిచ్చి వడకట్టి, పంచదార లేకుండా చల్లార్చి వరసగా చప్పరించండి. రెండింటికీ మధ్య తేడా చాలావరకు టానిన్‌దే. ఎర్ర వైన్ ద్రాక్షలైన షిరాజ్, కాబెర్నే సావిన్యాన్‌లలో ఇది బాగా తెలుస్తుంది. ‘ఎసిడిటీ’ పులుపు: మింగాక దవడల పక్కనుంచి ఎంత నీరూరితే అంత ఉన్నట్టు. ‘బాడీ’ నోట్లో తెలిసే బరువు, ‘ఫినిష్’ మింగాక రుచి నిలిచేంతసేపు. షాపువాళ్లు చెప్పే ‘స్మూత్’ని మాత్రం పట్టించుకోకండి, దాంతో ఏమీ తేలదు.

మొదటి సీసాకి కొద్దిగా తీపున్న చెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ మంచిది. నాసిక్ కంపెనీ సూలావాళ్లది అలాంటిదే. తర్వాత దాని పక్కన డ్రై సావిన్యాన్ బ్లాంక్ (ఇదీ తెల్లదే) పెట్టి, నలుగురైదుగురు డబ్బులు వేసుకుని, ఒక్కొక్కటి 50 మి.లీ. చొప్పున పోల్చండి. విడివిడిగా పది సీసాలు తాగినా తెలియని తేడా పక్కపక్కన రెండు పెడితే తెలుస్తుంది. పోర్ట్ పేరుతో చవగ్గా దొరికేవి చాలావరకు బాగా తియ్యనివి. వాటితో మొదలుపెడితే డ్రై వైన్ చేదుగా తోస్తుంది.

‘ఎర్ర వైన్ గది వేడిలోనే తాగాలి’ అనే మాట చలిదేశాలది. 16–18 డిగ్రీలు దానికి సరిపోతాయి. మే నెలలో మన గదులు 34 దాటుతాయి కాబట్టి గంటన్నర, రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. తెల్లదానికి మూడు గంటలు. గ్లాసులో మూడో వంతే పోస్తే వాసన తెలుస్తుంది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కార్క్ చెడినట్టు, వెనిగర్ వాసనైతే వైనే పులిసినట్టు.

తిండి విషయానికొస్తే, కారానికి టానిన్, ఎక్కువ ఆల్కహాల్ తోడైతే నోరు మరింత మండుతుంది. రొయ్యల వేపుడికి కొద్దిగా తీపున్న తెల్లది బాగుంటుంది. చేపల పులుసుకి చింతపండుతో సమానంగా పులుపున్న సావిన్యాన్ బ్లాంక్ కావాలి, లేకపోతే వైన్ చప్పగా అనిపిస్తుంది. వేయించిన పలాస జీడిపప్పుతో షిరాజ్ వగరు మెత్తబడుతుంది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఉన్నరోజు వైన్ జోలికే వెళ్లొద్దు, ఆ ఘాటు ముందు ఏ సువాసనా నిలవదు.

సీసా ఒక్కపూటలో అవ్వదనుకుంటే, తెరిచిన వెంటనే సగాన్ని శుభ్రంగా కడిగి ఆరబెట్టిన చిన్న గాజు సీసాలోకి అంచుదాకా పోసి, మూత బిగించి, ఫ్రిజ్‌లో నిలబెట్టండి. లోపల గాలికి చోటుండదు కాబట్టి ఎర్రదైనా తెల్లదైనా మూడు, నాలుగు రోజులు ఆగుతుంది.